కప్పు కూడా నేతే
(సెమిలిగుడలో జరిగిన చేనేత సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మన ముందున్న అంశాల్లో ఒకటి చిన్నదిగా కనిపిస్తోంది. సంఘం పాత మగ్గాల ఇంటి పైకప్పు. పెంకు దించేసి జింకు రేకులు వేద్దామని తీర్మానం రాసి ఉంచారు. ఓటుకి ముందు నాలుగు మాటలు చెప్పమన్నారు. నా మాట ముందే చెప్పేస్తాను. పెంకు దించాలి, అందులో నాకూ అభ్యంతరం లేదు. దించి, ఏరి, దులిపి, కింద కర్ర బాగుచేసి, మళ్ళీ పెంకే నేయాలి. ఎందుకో, ఎలాగో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

మన భాషలో ఒక మాట చూడండి. బట్ట నేస్తాం. తాటాకు పాకా నేస్తాం. గడ్డి ఇల్లూ, పెంకుటిల్లూ నేస్తాం. "ఈ ఏడు ఇల్లు నేయించారా?" అని ఎవరైనా అడిగితే మగ్గం గురించి అడుగుతున్నారని ఎవరూ అనుకోరు. రెండు పనులకీ పెద్దవాళ్ళు ఒకే మాట వాడారు. కప్పు ఎక్కి చూస్తే అది ఎందుకో తెలుస్తుంది. గూన పెంకులు చూరు నుంచి వెన్నుగాడి దాకా నిలువు వరసలుగా నడుస్తాయి. అది పడుగు. అడ్డంగా ప్రతి వరసా కింది వరస మీదికి బెత్తెడు ఎక్కుతుంది. అది పేక. ఎక్కడైనా ఒక పెంకు పగిలితే ఆ ఒక్కదాన్నే మారుస్తాం. ఒక పోగు తెగిందని తాను మొత్తం పారేస్తామా? అతుక్కుని ముందుకు పోతాం. ఇదీ అంతే.

ఇక ఈ కప్పు ఇక్కడికి ఎలా వచ్చింది? ఏ ఊరి కప్పు ఆ ఊరి నేలలోంచి వస్తుంది. కర్నూలు, కడప వైపు, పల్నాడులో, భూమిలో నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. అక్కడ దూలాల మీద నాపబండలు పరిచి పైన మట్టి వేసుకున్నారు. తాండూరు వైపు కూడా బండల కప్పులున్నాయి. మార్కాపురంలో పలకరాయి ఆకుల్లాగా చీలుతుంది. మనం చిన్నప్పుడు ఓనమాలు దిద్దిన పలకలు ఆ రాయివే. బస్తర్ వైపు వెళ్తే రాతి పలకలు నిలబెట్టి పెరటికి దడి కట్టుకున్న ఊళ్ళు కనిపిస్తాయి. దూరదేశం మాట చెప్పుకుంటే, బ్రిటన్‌లో వేల్స్ కొండల పలకరాయి ఎన్నో దేశాల్లో ఇళ్ళ కప్పయింది. ఆ గనుల ప్రాంతాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మన కొండల రాయి అలా చీలదు. ఈ తూర్పు కనుమల రాయికి భూగర్భ శాస్త్రం వాళ్ళు పెట్టిన పేరు ఖోండలైటు. ఇక్కడి ఖోండు జనం పేరే దానికి పెట్టారు. అది గాలికీ వానకీ మెత్తబడుతుంది, ఎర్రమట్టి అవుతుంది, కొండ నెత్తిన బాక్సైటు అవుతుంది. దామన్‌జోడి ఫ్యాక్టరీ బతికేది దాని మీదే. పలక మాత్రం రాదు. రాయి పలక ఇవ్వని చోట మనిషి మట్టితో పలక చేసుకున్నాడు. అదే మన గూన పెంకు. మనం పెంకు అంటాం, ఒడియా వాళ్ళు ఖపర అంటారు. కోరాపుట్ 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరింది, అంతకుముందు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. పాలన మారింది, కచేరీ భాష మారింది. కుమ్మరి సారె మీద పెంకు చేసే పద్ధతి మాత్రం ఘాటీకి అటూ ఇటూ ఒకటే.

ఆ పద్ధతి తెలియని పిల్లలు ఇక్కడ ఉన్నారు కాబట్టి రెండు ముక్కలు. కుమ్మరి సారె మీద మట్టిని గొట్టంలా లేపుతాడు. ఒక కొస కొంచెం వెడల్పు, రెండో కొస కొంచెం ఇరుకు. పచ్చిగా ఉండగానే దాన్ని నిలువునా రెండుగా కోస్తాడు. ఆరాక ఆవంలో కాలుస్తాడు. ఆ వెడల్పు తేడా ఉండబట్టే ఒక పెంకు ఇంకో పెంకు మీద సర్దుకుని కూర్చుంటుంది. మేకు అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు.

ఇప్పుడు మగ్గం సంగతికి వద్దాం. మనది గుంట మగ్గం. నేతగాడు నేలలో కూర్చుంటాడు. కప్పు కారితే ఇంకెవరికైనా నేల తడుస్తుంది, మనకి గుంట నిండుతుంది. మనం ఉన్నది సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో. పక్కనే 1672 మీటర్ల దేవమాలి. ఏడాదికి 1500 మిల్లీమీటర్ల లెక్కన వాన పడే చోటు. కాబట్టి కారని కప్పు కావాలి అనేవాళ్ళ మాట న్యాయమే. రేకు కారదు కదా అంటున్నారు. అదీ నిజమే, కొన్నాళ్ళ వరకు. కానీ కారడం ఒక్కటే చూస్తే చాలదు.

ఒకటి, వేసవి. నూలు పోగుకి గాలిలో చెమ్మ కావాలి. నూలు పరీక్షించే ప్రయోగశాలలో గాలిలో తేమ 65 శాతం ఉండేలా చూసుకుని మరీ పరీక్ష చేస్తారు. ఎండిన నూలు పెళుసు, చెమ్మ ఉన్న నూలు గట్టి. మన అమ్మమ్మలు ఈ లెక్క చదవలేదు, అయినా ఎండాకాలం మగ్గం చుట్టూ నీళ్ళు చల్లేవారు. రేకు కింద మిట్టమధ్యాహ్నం కూర్చుంటే మనిషే నిలవలేడు, పోగేం నిలుస్తుంది? పెంకు కింద అలా ఉండదు. పెంకుకీ పెంకుకీ మధ్య సందుల్లోంచి వేడి గాలి పైకి పోతుంది. మట్టి నెమ్మదిగా వేడెక్కుతుంది.

రెండు, చలికాలం. ఇది మైదానం వాళ్ళకి తెలియని బాధ, మనకి తెలిసిన బాధ. పుష్యమాసంలో ఈ కొండ మీద మంచు ఎలా దిగుతుందో మీకు చెప్పాలా? రాత్రి రేకు చల్లబడిపోతుంది. లోపలి ఆవిరి దాని అడుగున నీటి బొట్లవుతుంది. తెల్లవారి మగ్గం దగ్గరికొస్తే వాన లేకుండానే పడుగు మీద చుక్కలు. గంజి పెట్టిన పడుగు మీద ఆ చుక్క పడితే ఏమవుతుందో నేసేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ నీళ్ళు రేకు తుప్పుతో కలిసి పడితే తాను మీద మరక. ఉతికినా పోదు.

మూడు, చప్పుడు. ఆషాఢం వానలో రేకు కింద ఒకరి మాట ఒకరికి వినబడదు. పన్నె దెబ్బ మనకే వినబడదు. పోగు తెగిన సంగతి సగం చెవికే తెలుస్తుంది మనకి.

సిమెంటు రేకుల మాట కూడా ఎవరో అన్నారు. వాటిలో ఉండే ఆస్బెస్టాస్ పీచు, కోసినప్పుడూ పగిలినప్పుడూ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. 60కి పైగా దేశాలు దాన్ని నిషేధించాయి. దూదిపొట్టు పీల్చి ఇప్పటికే దగ్గుతున్నవాళ్ళం మనం. దాని జోలికి వద్దు.

ఇంకో సంగతి. ఇదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. 2011 జనాభా లెక్కల్లో ఇంటి కప్పు దేనితో చేసింది అని రాయడానికి గడులున్నాయి. గడ్డి, ప్లాస్టిక్, రాయి లేక పలక, రేకు, కాంక్రీటు, ఇలా. అందులో పెంకుకి ఒక గడి కాదు, రెండు గడులు పెట్టారు. చేతితో చేసిన పెంకు ఒకటి, యంత్రంతో చేసిన పెంకు ఒకటి. ఈ విభజన ఎక్కడో విన్నట్టు లేదూ? చేమగ్గం, మరమగ్గం. మన కథే అది. యంత్రపు పెంకు అంటే మనం బెంగుళూరు పెంకు అనేది. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్ళు ఆ ఫ్యాక్టరీ మొదలుపెట్టారు. అదే మిషన్ ఆ తీరంలో నేత ఫ్యాక్టరీలు కూడా నడిపింది. ఒకే చేతి మీదుగా కుమ్మరికీ సాలెకీ పోటీ వచ్చింది. మనకి తర్వాత ఒక చట్టం వచ్చింది. 1985లో పార్లమెంటు చేసిన చేనేత రిజర్వేషన్ చట్టం. మొదట 22 రకాల బట్టలు చేమగ్గానికే అన్నారు, తర్వాత 11కి తగ్గించారు. ఎంత అమలవుతుందో మనకి తెలుసు, అయినా ఒక కాగితమంటూ ఉంది. కుమ్మరి పెంకుకి అదీ లేదు. కొనేవాడు కొంటేనే అతను బతకాలి.

ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం చేసుకుంటున్నాం. 2015 నుంచి దేశమంతా చేస్తోంది. 1905లో అదే రోజున కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది. ఆ రోజు మైకు పట్టుకుని "చేతి బట్ట కొనండి, ధర కొంచెం ఎక్కువైనా దాని వెనక ఒక మనిషి ఉన్నాడు" అంటాం. కోట్‌పాడ్ బట్టకి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆల్ చెట్టు వేరు, అంటే మన తొగరు వేరు రంగుతో చేత్తో నేస్తారు కాబట్టే దానికి ఆ విలువ. అది చెప్పి మనం గర్వపడతాం. మరి మన సొంత ఇంటి కప్పు దగ్గరికొచ్చేసరికి చేతి పని వద్దు, చవకగా రేకు కావాలి అంటే, రేపు మన బట్ట కొనేవాడు మనతో అదే మాట అంటే ఏం జవాబు చెప్తాం?

సరే, ఇదంతా భావన, పని ఎలా అంటారా? చెప్తాను. పెంకు నేసే మేస్త్రిలతో కూర్చుని, వాళ్ళ పని చూసి తెలుసుకున్నది ఇది.

ముందు లోపల నిలబడి చూడాలి, పైకెక్కి కాదు. పట్టపగలు తలుపులు మూసి పైకి చూస్తే వెలుగు చుక్కలు కనిపిస్తాయి. ఏ వాసానికి దగ్గర ఉందో సుద్దతో గుర్తు పెట్టాలి. సగం కారుళ్ళు పెంకు పగిలి వచ్చినవి కావు, కోతి తొక్కో, పిల్లి నడిచో జరిగినవి. అవి సర్దితే సరి.

దించేటప్పుడు వెన్ను నుంచి మొదలుపెట్టి రెండు వాలుల్లోనూ సమంగా కిందికి రావాలి. ఒక పక్కే దించితే బరువు ఒక వైపు లాగి కర్ర మొగ్గుతుంది. దించిన ప్రతి పెంకునీ వేలి కణుపుతో తట్టి వినాలి. ఖంగుమంటే మంచిది. బొదబొదమంటే లోపల బీట ఉంది. మూడు కుప్పలు పోయాలి. బాగున్నవి ఒకటి, అంచు పోయినవి ఒకటి, పగిలినవి ఒకటి. అంచు పోయినవి వంటపాక మీదకో కోళ్ళ గూటి మీదకో పనికొస్తాయి. పగిలినవి నేలలో దిమిసా కొట్టుకోవచ్చు.

కర్ర చూడాలి. చెడేది ఎక్కువగా చూరు దగ్గర వాసాల కొసలు, గోడలో దిగిన దూలం తలలు. మొత్తం వాసం మార్చక్కర్లేదు, చెడిన మేర కోసి జోడు కర్ర కట్టొచ్చు. వెదురు బద్దలు వేసేటట్టయితే వెదురు నరికిన వెంటనే వాడకూడదు. కొన్ని వారాలు నీళ్ళలో నానేయాలి. అందులో తీపి పోతే పురుగు పుచ్చదు. మన పెద్దవాళ్ళు చెరువులో వెదురు ఊరవేసింది అందుకే.

పాత పెంకుల్నీ కొత్త పెంకుల్నీ ఒకే వరసలో కలపకూడదు. ఒక కుమ్మరి చెయ్యి ఇంకో కుమ్మరి చెయ్యి కాదు. కొలతలో వేలెడు తేడా ఉన్నా సందు పడుతుంది. పాతవన్నీ ఒక వాలుకి, కొత్తవన్నీ ఇంకో వాలుకి వేయాలి. రెండు రకాల నూలు ఒకే పడుగులో కలిపితే ఏమవుతుందో అదే ఇక్కడా అవుతుంది. ఇంగ్లండులో లంకాషైర్, యార్క్‌షైర్ వైపు పాత నేతగాళ్ళ ఇళ్ళ మీద రాతి పలకల కప్పులుంటాయి. అక్కడా ఇదే జాగ్రత్త. పాత పలకలు దించి, పరిమాణం ప్రకారం ఏరి, పెద్దవి చూరు దగ్గర, పోను పోను చిన్నవి పైన పేరుస్తారు. ఆ లంకాషైర్‌లోని రోచ్‌డేల్‌లోనే 1844లో 28 మంది కలిసి సహకార దుకాణం పెట్టారు. వాళ్ళలో నేతగాళ్ళున్నారు. మన సంఘాలకి మూలం ఆ దుకాణమే. అక్కడ నేత పోయింది, కప్పులు నిలిచాయి. మనకి రెండూ ఇంకా చేతిలో ఉన్నాయి.

నేసేది చూరు నుంచి పైకి. కింద బోర్లా కాకుండా వెల్లకిలా కాలువ పెంకు, రెండు కాలువల అంచుల మీద బోర్లించి మూత పెంకు. ప్రతి వరసా బెత్తెడు ఎక్కాలి. పెంకు మిగుల్చుకుందామని రెండు వేళ్ళకి తగ్గిస్తే ఈదురు వానకి నీళ్ళు వెనక్కి ఎక్కుతాయి. వెన్ను మీద పెంకులు సున్నంతో కూర్చోబెట్టాలి. సిమెంటు బిగుసుకుపోతుంది, కర్ర కదిలినప్పుడు చీలుతుంది, విప్పబోతే పెంకు పగులుతుంది. సున్నం కొంచెం కదలనిస్తుంది.

వెలుగు కావాలంటే మగ్గానికొక గాజు పలక దిగేయొచ్చు. పైనుంచి దుమ్ము రాలుతోందంటే పెంకు కింద వెదురు తడక పరిస్తే చాలు. ఎలుక, తేలు భయం కూడా కొంత తగ్గుతుంది.

అభ్యంతరాలు నాకు తెలుసు. ఏటా సర్దాలి. నిజమే, రోహిణి కార్తెలో ఒకసారి కప్పెక్కాలి, మృగశిర వానకి ముందే అయిపోవాలి. కోతులున్నాయి. నిజమే. పెంకు నేసేవాళ్ళు దొరకడం లేదు, చేసేవాళ్ళు తగ్గిపోయారు. ఇది అన్నిటికన్నా నిజం. కానీ ఎందుకు తగ్గారు? అడిగేవాళ్ళు లేక. పాత నేతగాడు కన్నుమూశాక మగ్గం అటకెక్కినట్టే, ఒక కుమ్మరి ఆవం చల్లారితే మళ్ళీ వెలగదు. ఇక రేకు శాశ్వతమా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు రేకులు ఎలా ఎగిరిపోయాయో ఈ సభలో చూసినవాళ్ళున్నారు. పెంకు కూడా రాలుతుంది, కాదనను. రాలిన చోట మళ్ళీ వేసుకుంటాం. ఎగిరిన రేకు ఎవరి మెడ మీద పడుతుందో చెప్పలేం.

అన్నిటికీ పెంకే అనడం లేదు. నూలు, తయారైన సరుకు ఉంచే గదికి స్లాబు వేసుకుందాం. అక్కడ ఒక్క చుక్క కూడా పడకూడదు, తాళం బలంగా ఉండాలి. మనిషి కూర్చుని నేసే చోటికి మాత్రం పెంకు ఉండనివ్వండి.

అందుకని తీర్మానాన్ని ఇలా మార్చమని కోరుతున్నాను. మొదటిది, ఈ సంక్రాంతి దాటగానే కప్పు దించకుండా లోపలి నుంచి గుర్తులు పెట్టి, ఎన్ని పెంకులు కావాలో, ఎంత కర్ర మార్చాలో లెక్క రాయించాలి. లెక్క చూశాకే డబ్బు మాట. రెండోది, ఆ పెంకులకి చుట్టుపక్కల కుమ్మరులకి ముందుగా బయానా ఇవ్వాలి. మనకి నూలు అప్పు ఇస్తేనే మగ్గం ఆడుతుంది కదా, వాళ్ళకి కట్టెలకీ మట్టికీ ముందు డబ్బు ఉంటేనే ఆవం వెలుగుతుంది. కుందులి సంతకి వచ్చే కుమ్మరుల్ని అక్కడే కలిసి మాట్లాడొచ్చు. మూడోది, మేస్త్రితో పాటు మన కుర్రాళ్ళు ఇద్దరు, వీలైతే ఒక అమ్మాయి, దించడం నుంచి వెన్ను కట్టేదాకా పక్కనే ఉండి నేర్చుకోవాలి. కూలి సంఘం ఇవ్వాలి. నాలుగోది, ఏటా బడ్జెట్లో "కప్పు సర్దుబాటు" అని ఒక వరస రాయాలి, ఎంత చిన్న మొత్తమైనా సరే. అయిదోది, గోడ పక్కన రెండు మూడు వందల పెంకులు ఎప్పుడూ పేర్చి ఉండాలి.

ఖర్చు విషయంలో ఒక్క మాట. రేకులకి ఇచ్చే డబ్బు ఏదో పెద్ద ఊరి గోదాముకి పోతుంది. పెంకుకి ఇచ్చే డబ్బు కుమ్మరికి, వడ్రంగికి, పెంకు మేస్త్రికి, వెదురు కొట్టి తెచ్చే అడవి ఊరి మనిషికి పోతుంది. దసరాకి బిడ్డకి బట్ట కొనేటప్పుడు వాళ్ళలో ఒకరు మన దుకాణం మెట్టు ఎక్కితే ఆ డబ్బు మళ్ళీ మన మగ్గానికే వస్తుంది. ఇది దానధర్మం కాదు, సంత లెక్క.

ఆ కప్పు కింద మీ నాన్నలు, తాతలు నేశారు. వాళ్ళ మీద గౌరవం కోసం ఓటు వెయ్యమని నేను అడగను. ఈ వేసవిలో, వచ్చే పుష్యంలో, దాని కింద కూర్చుని నేయబోయేవాళ్ళ కోసం ఆలోచించి చెయ్యెత్తండి. ఆ కూర్చునేవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళే. వాళ్ళనే ముందు అడగండి, రేకు కావాలా పెంకు కావాలా అని. వాళ్ళేం చెబితే దానికి నేను కట్టుబడతాను.